ఆదివారం లినక్స్ ఎక్కిస్తున్నాం, డెస్క్‌టాప్ ఏదో తేల్చుకుని రండి

మిత్రులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు గ్రంథాలయం గదిలో మీ పాత ల్యాప్‌టాప్‌లలో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తాం. మధ్యలో ఇన్‌స్టాలర్ ఒక జాబితా చూపించి ఏ డెస్క్‌టాప్ (అంటే తెర మీద మెనూలు, విండోలు కనిపించే తీరు) కావాలని అడుగుతుంది. అక్కడ తల గోక్కుంటూ కూర్చోకుండా ముందే అనుకుని రండి.

ర్యామ్ 4 జీబీ, అంతకన్నా తక్కువైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ. 1996లో మొదలైన పాత కాపు. సోకులు తక్కువ, పని మాత్రం ఆగదు.

విండోస్‌కు అలవాటుపడిన చేతులకు కేడీఈ ప్లాస్మా. కింద పట్టీ, ఎడమ మూలలో మెనూ, అన్నీ వెతికిన చోటే ఉంటాయి.

గ్నోమ్ అందంగానే ఉంటుంది. కానీ విండోను కిందికి దించే బొత్తాం మొదట కనిపించదు, ట్వీక్స్ అనే సెట్టింగుల యాప్‌లోకి వెళ్లి తెచ్చుకోవాలి. నాకైతే రెండు రోజులు చిరాకేసింది!

ఎటూ తేలకపోతే రెండు పెట్టుకోండి. లాగిన్ అయ్యేటప్పుడు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు.

శనివారం రాత్రి 8లోగా మీ ర్యామ్ ఎంతో, మీకు ఏది కావాలో ఇక్కడే రాయండి. ఛార్జర్, 8 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.

మరచిపోవద్దు: డిస్కు మొత్తం తుడిచేస్తాం. ఫొటోలు, ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోండి. పోయినసారి ఒకరి పెళ్లి ఫొటోలు అలాగే పోయాయి, ఇంట్లో ఇప్పటికీ మాటలు పడుతున్నారట.