యంత్రాలపై నిషేధం కన్నా నికరమైన ఆర్డర్లు మేలు

సంపాదకులకు,

ఫ్యాక్టరీ ఉద్యోగాలు రోబోల పాలో, పరాయి దేశాల పాలో కాకుండా ప్రభుత్వం చట్టం చేసి ఆపాలన్న వాదన ఈ మధ్య తరచు వినిపిస్తోంది. అటువంటి చట్టం ఒకటి మన దేశంలో నలభై ఏళ్లుగా ఉందన్న సంగతి ఈ చర్చల్లో ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. కొన్ని రకాల వస్త్రాలను చేమగ్గం మీదే నేయాలని, కరెంటుతో నడిచే మరమగ్గం మీద నేయరాదని 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టమే అది. మొదట 22 రకాలకు ఉద్దేశించిన ఆ రక్షణ తర్వాత 11 రకాలకు కుదించుకుపోయింది. మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కడంతో 1993లో సుప్రీంకోర్టు సమర్థించే వరకూ అది నిలదొక్కుకోలేకపోయింది. 1995 గణనలో 65 లక్షలకు పైగా ఉన్న చేనేత కార్మికులు 2009-10 నాటికి 43 లక్షలకు, 2019-20 నాటికి 35 లక్షలకు తగ్గిపోయారు.

తగ్గుదల అంతా ఆ చట్టం వైఫల్యమేనని అనలేం. చేనేతలో కూలి గిట్టక పిల్లలను వేరే పనులకు పంపినవారు ఎందరో ఉన్నారు. అయినా చట్టం బలహీనత ఎక్కడుందో బట్టల దుకాణంలోనే కనిపిస్తుంది. పోచంపల్లి ఇక్కత్ చీరను వెనక్కి తిప్పి చూస్తే, ముందే రంగులద్దిన నూలుతో నేసినది కాబట్టి, రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది. మరమగ్గం బట్టపై అదే డిజైన్ అచ్చు వేసిన చీరకు వెనకవైపు వెలిసినట్లుంటుంది. ధర సగానికి సగం తక్కువని తెలిశాక వెనక్కి తిప్పి చూసే ఓపిక ఎందరికి ఉంటుంది? మగ్గాల షెడ్డుకు ఇన్‌స్పెక్టరును పంపినంత మాత్రాన ఈ బేరం ఆగదు.

మా సిరిసిల్లది ఇంకో రకం అనుభవం. చేనేతను మింగిందన్న పేరున్న మరమగ్గమే, అంటే మేము సాంచా అని పిలిచేదే, ఇక్కడ ఇప్పుడు రక్షణ కోరుతోంది. ఎందుకంటే సూరత్‌లోని అధునాతన మగ్గాల వేగం ముందు మా పాత సాంచాలు నిలబడలేవు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం తొలిసారి ఉచితంగా పంచిన బతుకమ్మ చీరల్లో కొన్నిటిని సూరత్ నుంచి తెచ్చినప్పుడు మహిళలు వాటిని తగలబెట్టి నిరసన తెలిపారు. ఆ తర్వాత ఆర్డర్లు సిరిసిల్లకు వచ్చి, ఏటా కోటి చీరల వరకు ఇక్కడే నేయించడంతో మహారాష్ట్రలోని మరమగ్గాల పట్టణం భీవండికి బస్సు ఎక్కాల్సినవారు కొందరైనా ఊళ్లోనే ఉండిపోయారు. ప్రభుత్వం మారి 2024లో ఆ పథకం ఆగిపోగానే సాంచాలూ ఆగాయి. ఆసాములు, అంటే సాంచాలు నడిపే చిన్న యజమానులు, అప్పుల పాలయ్యారు, కార్మికుల ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చాయి. తర్వాత కొత్త ప్రభుత్వం ఇచ్చిన ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డరుతో కొంత ఊపిరి పోసుకున్నారు. ప్రభుత్వం కొనుగోలుదారుగా ఉన్నంత కాలం ఉపాధి నిలిచిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఎన్నికల ఫలితాలను బట్టి పని ఉండటం, పోవడం మాత్రం విధానం అనిపించుకోదు.

ఇక కేంద్రం సంగతి. 14 రంగాలకు దాదాపు 2 లక్షల కోట్ల రూపాయలతో తెచ్చిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాల వల్ల 60 లక్షల ఉద్యోగాలు వస్తాయని 2022 బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. కానీ ఆ డబ్బు ప్రధానంగా అదనపు అమ్మకాల లెక్కనే చేతికందుతుంది. అమ్మకాలు పెంచి, మనుషుల స్థానంలో రోబోలను పెట్టిన కంపెనీకి అందులో నష్టమేమీ లేదు. 2025 ఆగస్టు 1 నుంచి అమలవుతున్న వికసిత భారత్ రోజ్‌గార్ యోజన ఈ విషయంలో కొంత నయం; అదనంగా పెట్టుకున్న ప్రతి ఉద్యోగికీ యజమానికి నెలకు 3,000 రూపాయల వరకు రెండేళ్లపాటు, తయారీ రంగంలో నాలుగేళ్లపాటు ఇస్తుంది. అయితే పీఎఫ్ ఖాతా ఉంటేనే ఆ మేలు. ఆసామి దగ్గర మీటరు లెక్కన కూలి తీసుకునే సాంచా కార్మికుల్లో చాలామందికి ఆ ఖాతాయే లేదు.

కాబట్టి రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరేది ఒక్కటే. బడి యూనిఫాంలకు, ఆసుపత్రి దుప్పట్లకు, పండుగ చీరలకు ఎన్ని మీటర్ల బట్ట కావాలో ప్రభుత్వానికి ఏడాది ముందే తెలుసు. ఆ ఆర్డర్లను రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో ద్వారా ఏప్రిల్‌లోనే పంచి, మీటరుకు కార్మికుడికి దక్కాల్సిన కూలిని ఆర్డరు పత్రంలోనే రాసి, కార్మికులకు పీఎఫ్ కట్టిన ఆసాములకే బిల్లులు ముందుగా చెల్లించాలి.

– ఒక పాఠకుడు, సిరిసిల్ల