బాలామృతం పొట్లం గడప దాటాక ఏమవుతోంది?

సంపాదకులకు,

అంగన్‌వాడీల మీద వార్త వచ్చిందంటే అది పాడైన గుడ్ల గురించో, టీచర్ల వేతనాల గురించో, యాప్ తంటాల గురించో అయి ఉంటుంది. అవీ రాయాల్సినవే. అయితే ఆ కేంద్రాలు ఎవరికి అత్యవసరమో ఆ పిల్లలు మాత్రం ఏ వార్తలోనూ కనిపించరు. ఏడో నెల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు కేంద్రానికి రారు. వాళ్ల పేరున బాలామృతం అనే పోషకాహార పొడి పొట్లం ఇంటికి పోతుంది. రిజిస్టర్‌లో సంతకం, పోషణ్ ట్రాకర్ యాప్‌లో టిక్కు పడగానే సేవ అందినట్టే లెక్క. పొట్లం గడప దాటాక ఏమైందో అడిగే గడి ఎక్కడా లేదు.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) ఇప్పుడు దేశమంతటా ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం ఆరు నెలలు నిండిన బిడ్డకు రోజుకు 500 కిలో కేలరీలు, 12-15 గ్రాముల మాంసకృత్తులు, గర్భిణులకూ బాలింతలకూ 600 కిలో కేలరీలు, 18-20 గ్రాముల మాంసకృత్తులు అందాలని రాసిపెట్టింది. అంటే ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, హక్కు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఎదుగుదల ఎక్కువగా కుంటుపడేది మొదటి రెండేళ్లలోనే. బిడ్డ మూడేళ్లు నిండి పూర్వ ప్రాథమిక విద్యకు వచ్చేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

రెండున్నర కిలోల బాలామృతం అంటే నెలకు 25 రోజుల లెక్కన రోజుకు వంద గ్రాములు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పొడి కాబట్టి తియ్యగా ఉంటుంది. అక్కడే వస్తుంది చిక్కు. ఇంట్లో నాలుగేళ్ల అన్నకీ ఆరేళ్ల అక్కకీ అది ఇష్టం. లడ్డూలు చుడితే పెద్దవాళ్లూ చేయి చాపుతారు. నెల పొట్లం పది రోజుల్లో ఖాళీ. తప్పు తల్లిది అనలేం. ఆకలిగా ఉన్న ఇంట్లో ఒక్కరికే పెట్టే తిండి ఎక్కడా ఉండదు. ఆ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో చూడకుండా పొట్లం ఒక్కటే పంపితే జరిగేది అదే.

రెండో తప్పు కలపడంలో. గొంతుకు అడ్డం పడుతుందేమోనని గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాలు వేసి జావలా చేస్తారు, ఒక్కోసారి పాలపీకతో తాగిస్తారు. పొట్ట నిండుతుంది, బలం అందదు. పీక సరిగా కడగకపోతే విరేచనాలు అదనం. కాచిన వేడి నీళ్లలో కలిపిన ముద్ద చెంచా వంచినా జారిపోకుండా నిలవాలి. ఆరు నెలలు నిండగానే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిదో నెలకల్లా పూటకు అర కప్పు (కప్పు అంటే 250 మి.లీ.) దాకా, రోజుకు రెండు మూడుసార్లు పెట్టాలి. తొమ్మిదో నెల నుంచి అదే అర కప్పు మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు కప్పు. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వాలి. పొట్లం విప్పాక మూత బిగిసే డబ్బాలో పోయకపోతే నూనె ఉన్న పిండి కనుక వాసన వచ్చేస్తుంది. ఆ తర్వాత అది గేదె కుడితిలోకే. ఇక గుడ్డు సంగతి చెప్పనక్కరలేదు. ‘పసిబిడ్డకు గుడ్డేమిటి’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఉడికించి తెల్లసొన, పచ్చసొన రెండూ మెత్తగా మెదిపి ఏడో నెల నుంచే పెట్టవచ్చు.

ఈ మాటలు గోడ మీద పోస్టర్ చెప్పలేదు. బిడ్డకు ఆరు నెలలు నిండే వారంలో ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి, తల్లి చేతే కలిపించి, చిక్కదనం చూపించి, బిడ్డకు విడిగా ఒక గిన్నె పెట్టించాలి. గిన్నె వేరైతే ఎంత తిన్నదీ తల్లికే తెలిసిపోతుంది. ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలల వయసులో ఇంటికి వెళ్లాలని నిబంధన ఉంది. అంగన్‌వాడీ టీచరుకూ గృహ సందర్శనల జాబితా ఉంది. ఇద్దరి జాబితాలూ ఒకచోట పెట్టి ఆరో నెల, తొమ్మిదో నెల సందర్శనలు కలిసి చేస్తే కొత్తగా పైసా ఖర్చు లేదు. శాఖలు వేరు కావడం తప్ప దీనికి అడ్డమేమిటో అర్థం కాదు.

తూకాలు, కొలతల సంగతీ చెప్పాలి. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టే కొలవాలి. ఒకరు తల పలకకు ఆనించి పట్టుకోవాలి, మరొకరు మోకాళ్లు నొక్కి పాదాలకు పలక జరపాలి. ఒక్కరే చేస్తే మోకాలు వంగి పొడవు తగ్గుతుంది. నిలబెట్టి కొలిస్తే 0.7 సెం.మీ. కలపాలి, అది చాలామంది మరిచిపోతారు. ఏడాది మగబిడ్డ పొడవు 71 సెం.మీ. కన్నా తగ్గితే ఎదుగుదల లోపం కింద లెక్క. అక్కడ ఒక సెంటీమీటరు తప్పితే బిడ్డ జాబితాలోకి అనవసరంగా ఎక్కుతుంది, లేదా ఎక్కాల్సింది తప్పిపోతుంది. బరువైతే కాటా చదునైన గచ్చు మీద ఉండాలి, సున్నా చూపాలి, తడి లంగోటీ తీసేయాలి. నెలాఖరుకు నూరు శాతం చూపించాలన్న ఒత్తిడిలో కిందటి నెల బరువుకు రెండొందల గ్రాములు కలిపి రాసేస్తే బరువు పెరగని బిడ్డ ఎవరికీ కనబడదు. అనుమానం వస్తే జబ్బ చుట్టుకొలత టేపు మాత్రం త్వరగా అబద్ధమాడదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 11.5 సెం.మీ. కన్నా తక్కువ ఉంటే తీవ్ర పోషకాహార లోపం, వెంటనే ఏఎన్ఎంకు (ఊళ్లోకి వచ్చే ఆరోగ్య శాఖ నర్సుకు) చూపించాలి. కాళ్లకు నీరు పట్టినా, ఆకలి లేకపోయినా పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి.

గర్భిణుల విషయంలో ఒక్క మాట. రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని అదే సర్వే చెబుతోంది. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 ఐరన్ మాత్రలు ఇస్తారు. కేంద్రంలో భోజనం పెట్టే చోట పాల గ్లాసుతోనే మాత్ర మింగిస్తే పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం మాత్ర, టీ కూడా అంతే. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. రాత్రి భోజనమయ్యాక మంచినీళ్లతో వేసుకుంటే వికారమూ తక్కువే.

2025 జూలై నుంచి అంగన్‌వాడీలో పొట్లం తీసుకెళ్లే వ్యక్తి ముఖం ఫోన్‌లో సరిపోలితేనే ఇవ్వాలన్నారు. దొంగ పేర్లు తగ్గించడం అవసరమే. కానీ ఓటీపీ వెళ్లే ఫోను వలస వెళ్లిన భర్త దగ్గర ఉంటుంది, సిగ్నల్ చెట్టు కింద దొరుకుతుంది. ఆ తంటాకు పోయే గంటలు ఇంటింటికీ తిరగాల్సిన గంటలే. తల్లి ముఖాన్ని అంత శ్రద్ధగా పరీక్షించే వ్యవస్థ బిడ్డ గిన్నెలోకి ఒక్కసారైనా తొంగి చూడదు.

ఖర్చు సంగతి: 2017లో పిల్లవాడికి రోజుకు 8 రూపాయలు, తీవ్ర లోపం ఉంటే 12, గర్భిణికి 9 రూపాయల 50 పైసలుగా కేంద్ర ప్రభుత్వం తిండి ఖర్చు నిర్ణయించింది. అప్పటి గుడ్డు ధర, పప్పు ధర ఇప్పుడు లేవు. ధరల సూచీతో పాటు ఏటా ఈ మొత్తమూ మారాలి. ట్రాకర్‌లో ‘పంపిణీ అయ్యింది’ పక్కన ‘ఆరో నెల సందర్శన జరిగింది, బిడ్డకు విడి గిన్నె ఉంది’ అనే గడి చేర్చి, సూపర్‌వైజర్ తన పరిధిలోని టీచర్లతో జరిపే సెక్టార్ సమావేశంలో ముందుగా దాని గురించే అడగాలని రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలను కోరుతున్నాం.

- కొందరు విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్లు