రెండు లోకాల డిటెక్టివ్ గురించి శీనుగాడికి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్ రా, మస్కట్‌లో ఎండలు ఏమైనా తగ్గాయా. ఇక్కడ కాలవలకి నీళ్ళు వదిలారు, ఆకుమడులు పోసేశాం, వారం నుంచి ఒకటే వాన, సాయంత్రమైతే కరెంటు ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. మొన్న ఫోన్లో కలల మీద తీసిన సీరియల్ ఏదైనా చెప్పరా అన్నావు కదా, నేను మొదలెట్టేసరికి నీకు డ్యూటీ టైమ్ అయిపోయింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, కూర్చుని చదువు.

నువ్వు పేరు చెప్పిన ఫాలింగ్ వాటర్ నేను చూశాను. 2016లో యూఎస్‌ఏ నెట్‌వర్క్‌లో మొదలై రెండు సీజన్లకి 2018లో ఆపేశారు. ఒకళ్ళకొకళ్ళు ముక్కూమొహం తెలీని ముగ్గురు, ఒకే పెద్ద కలలో తలా ఓ ముక్క కంటూ ఉంటారు. టెస్‌గా లిజీ బ్రోషెరే చేసింది, ఆమెకేమో నాకో కొడుకున్నాడు అని నమ్మకం, చుట్టూ ఉన్నవాళ్ళేమో నువ్వసలు బిడ్డనే కనలేదు అంటారు. బర్టన్‌గా డేవిడ్ అజాలా, కలలో కనపడే అమ్మాయి కోసం వెతుక్కుంటూ ఉంటాడు. టాకా అనే న్యూయార్క్ పోలీసుగా విల్ యున్ లీ, వాళ్ళమ్మ ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయి ఉంటుంది. ముగ్గురూ బాగా చేశారు, నేను కాదనను, కానీ ఒక గుట్టు విప్పేలోపు ఇంకో గుట్టు వచ్చి పడుతూ ఉంటుంది, మనుషుల మీద మనసు నిలిచే టైమే దొరకదు. చూస్తే చూడు. ముందు మాత్రం అవేక్ అనే సీరియల్ చూడు, నా మాట విను.

అవేక్ అంతకుముందుదే, 2012లో ఎన్‌బీసీ అనే అమెరికా ఛానల్లో వచ్చింది, మార్చి 1న మొదలై మే 24కి అయిపోయింది, మొత్తం 13 ఎపిసోడ్లు. రాసినాయన కైల్ కిలెన్. లాస్ ఏంజెలెస్‌లో మైకేల్ బ్రిట్టెన్ అని ఒక డిటెక్టివ్, భార్య హనా, కొడుకు రెక్స్, ముగ్గురూ కార్లో వెళ్తుంటే యాక్సిడెంట్ అవుతుంది. అక్కణ్ణుంచి ఆయన ఒక లోకంలో కళ్ళు తెరిస్తే భార్య ఉంటుంది కొడుకు పోయి ఉంటాడు, ఆ రాత్రి పడుకుని లేస్తే ఇంకో లోకం, అక్కడ కొడుకు ఉంటాడు భార్య పోయి ఉంటుంది, మళ్ళీ పడుకుంటే మొదటి లోకం, అలా రోజూ. ఏది కలో ఏది నిజమో ఆయనకీ తెలీదు మనకీ తెలీదు. మెషీన్లు, ల్యాబులు లాంటివేవీ ఉండవు, ఉన్నదల్లా నిద్రొక్కటే. అయోమయం లేకుండా చేతికి రబ్బరు బ్యాండ్ వేసుకుంటాడు, హనా ఉన్న చోట ఎర్రది, రెక్స్ ఉన్న చోట ఆకుపచ్చది. బొమ్మ రంగు కూడా మారుతుంది రా, ఎర్ర బ్యాండ్ లోకం ఎండపొడ తగిలినట్టు వెచ్చగా, ఆకుపచ్చది చల్లగా మబ్బుపట్టినట్టు ఉంటుంది, రెండు ఎపిసోడ్లు అయ్యేసరికి బ్యాండ్ చూడకుండానే ఎక్కడున్నామో నీకే తెలిసిపోద్ది.

బ్రిట్టెన్‌గా చేసింది జేసన్ ఐజక్స్. హ్యారీ పాటర్‌లో లూషియస్ మాల్ఫాయ్ గుర్తున్నాడా, పొడుగు తెల్లజుట్టాయన, ఆయనే. ఆ కళ్ళలో అంత విషం చూపించిన మనిషి ఇక్కడ అంత బెంగ ఎలా చూపించాడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఒకసారి నిద్రలేచేసరికి పక్కన హనా ఉండదు, చేతికి బ్యాండ్ కూడా ఉండదు. ఇల్లంతా వెతుకుతాడు, ఎక్కడున్నాడో తేల్చుకోలేక చివరికి కత్తితో చెయ్యి కోసుకుంటాడు. అప్పుడు ఆయన మొహం చూడాలి రా, నొప్పి కంటే భయం ఎక్కువ, ఈ పూట ఇద్దరూ లేరేమో అని.

నా మటుకు ఈ కథంతా ఒక్క మాట మీద నిలబడింది. బ్రిట్టెన్‌కి ఎవరూ పోలేదు, ఇద్దరూ రోజు మార్చి రోజు కనపడుతూనే ఉన్నారు. పోగొట్టుకున్నది మిగతా ఇద్దరు. హనాకి కొడుకు లేడు, రెక్స్‌కి అమ్మ లేదు. ఆ ఏడుపు ఈయన రెండు వైపులా చూడాలి, నిన్ననే నేను వాణ్ణి చూశాను, బావున్నాడు అని భార్యకి చెప్పలేడు, అమ్మ ఇల్లు మారదామంటోంది అని కొడుక్కి చెప్పలేడు. మన ఊళ్ళో గల్ఫ్ వెళ్ళినోళ్ళ బతుకు ఇలాగే ఉంటుంది కదరా, అక్కడో రోజు ఇక్కడో రోజు గడుస్తూ, ఒక చోటి కష్టం ఇంకో చోట చెప్పుకోలేక. నీకు ఇది నాకంటే బాగా తెలుసు, అందుకే నువ్వు చూడాలంటున్నా.

హనాగా లారా అలెన్ చేసింది. ఆమె ఒకచోట కూర్చుని ఏడవదు, ఇంటికి రంగులు వేయిస్తుంది, ఒరెగాన్ వెళ్ళిపోదాం అంటుంది, ఏదో ఒక పని కల్పించుకుంటూ ఉంటుంది. రెక్స్‌గా డిలన్ మినెట్, అప్పటికి కుర్రాడు, తర్వాత 2017లో థర్టీన్ రీజన్స్ వై అనే సీరియల్లో హీరో అయ్యాడు. వాడు నాన్నతో సరిగ్గా మాట్లాడడు, టెన్నిస్ కోచ్ టారాతోనే కాస్త చనువు. రెక్స్, వాడి ఫ్రెండ్ కోల్ కలిసి ఇంట్లో తెలీకుండా ఒక బైక్ బాగుచేసుకుంటున్నారని కొడుకు పోయిన లోకంలో తెలుస్తుంది, ఆ సంగతి పట్టుకుని బ్రిట్టెన్ కొడుకు బతికున్న లోకంలో వాడికి దగ్గరవుతాడు. ఆ బిట్ నేను మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను.

పెద్దమ్మ కూడా నా పక్కన కూర్చుని చూసేది. ఇంగ్లీషు రాదు కదా, నేను చెప్తూ ఉండాలి. ఏది కల, ఏది నిజం అని ఒక్కసారి కూడా అడగలేదు. రెక్స్ లోకం వచ్చినప్పుడల్లా "ఆ పిల్లాడికి వంటెవరు చేస్తన్నార్రా, ఆ తండ్రి చూస్తే ఎప్పుడూ డ్యూటీలోనే ఉన్నాడు" అని అడిగేది. నేను నవ్వలేదు రా, తల్లి లేని ఇల్లు అంటే ముందు అదే కదా. కోచ్ టారా వస్తే మాత్రం పెద్దమ్మకి కాస్త ధైర్యంగా ఉండేది.

డాక్టర్లు ఇద్దరు. హనా లోకంలో డాక్టర్ లీ, బీడీ వాంగ్ చేశాడు, జురాసిక్ పార్క్‌లో సైంటిస్టు. నిలదీసి అడుగుతాడు, ఇది నిజం, కొడుకు ఉన్నది కల, ఒప్పుకో అంటాడు. రెక్స్ లోకంలో డాక్టర్ ఎవాన్స్, చెర్రీ జోన్స్, 24 సీరియల్లో ప్రెసిడెంట్‌గా వేసి ఎమ్మీ అవార్డు కొట్టిన ఆవిడ, నెమ్మదిగా నచ్చజెప్తుంది, ఈమె కూడా ఇదే నిజం అంటుంది. ఇద్దరి వాదనా గట్టిదే, ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ మాటే రైటు అనిపిస్తుంది. మొదటి ఎపిసోడ్‌లోనే బ్రిట్టెన్ తేల్చేస్తాడు, ఇద్దరిలో ఒకళ్ళని వదులుకోవడమే బాగుపడటం అయితే నాకు బాగుపడాలనే లేదు అన్నట్టు చెప్తాడు. నాకు వీళ్ళలో ఎవాన్స్ ఇష్టం, కానీ లీ లేకపోతే కథ నడవదు.

స్టేషన్లో పార్ట్‌నర్లు కూడా మారిపోతారు. రెక్స్ లోకంలో బర్డ్, స్టీవ్ హారిస్, పాత దోస్తు, ఒక్క చూపుతో వీడేదో దాస్తున్నాడని కనిపెట్టేస్తాడు. హనా లోకంలో వేగా, విల్మర్ వాల్డెరామా, కొత్తగా డిటెక్టివ్ అయిన కుర్రాడు. అదే వేగా ఆ పక్క లోకంలో మామూలు యూనిఫాం పోలీసు! నాలుగో ఎపిసోడ్‌లో కేట్ అని ఒకమ్మాయి వస్తుంది, చిన్నప్పుడు రెక్స్‌ని చూసుకున్న పిల్ల, ఒక లోకంలో మంచి ఉద్యోగంలో ఉంటుంది, ఇంకో లోకంలో మత్తుకి అలవాటు పడి ఉంటుంది. ఒకే మనిషి ఎటైనా వెళ్ళి ఉండొచ్చు అని అంత కళ్ళకి కట్టినట్టు చూపించడం నేనెక్కడా చూడలేదు.

ఒక లోకంలో దొరికిన పేరో నంబరో ఇంకో లోకం కేసులో పనికొస్తూ ఉంటుంది, వారానికో కేసు, అదొక వరస. కొన్ని కేసులు మామూలుగానే ఉంటాయి, వాటిని పట్టించుకోకు. పెంగ్విన్ వచ్చే ఎపిసోడ్ మాత్రం వదలకు, అవును, పెంగ్విన్నే. కెప్టెన్ హార్పర్‌గా చేసిన లారా ఇన్నెస్ మీద కూడా ఒక కన్నేసి ఉంచు, ఎందుకో ఇప్పుడు చెప్పను.

చూసేవాళ్ళు తగ్గిపోయారని ఒక్క సీజన్‌కే ఆపేశారు, నాకు చాలా బాధేసింది. చివరి ఎపిసోడ్‌లో బ్రిట్టెన్ ఒక తలుపు తెరిచి అవతలికి వెళ్తాడు, అవతల ఏముందో చెప్తే నన్ను తిడతావు కాబట్టి చెప్పను. దాన్ని ముగింపు అనాలా, మూడో లోకం అనాలా అని పెద్దమ్మకీ నాకూ ఇంకా తెగలేదు, ఆవిడ ఒక పక్క నేనొక పక్క. నువ్వు శుక్రవారం సెలవు రోజున మొదలెట్టు, వరసగా చూసెయ్యి, అయ్యాక నువ్వు లీ వైపో ఎవాన్స్ వైపో రాసి పంపు, ఆ తలుపు సంగతి మాత్రం ఫోన్లోనే మాట్లాడదాం.

నీ
రాంబాబు