కూరగాయల కొట్టు పెద్దబ్బాయి

తల్లీ,

ఉద్యోగం మానేసి బొమ్మలే వేసుకుంటానని రాశావు. అవుననో కాదనో ఇప్పుడే చెప్పను. నువ్వు ఆదర్శమన్న జపాన్ చిత్రకారుడు ఇతో జకుచు గురించి మాత్రం దొరికినంతా చదివాను. మండీలో బస్తాల మధ్య కూర్చుని చదివానేమో, చిత్రకారుడి కంటే ముందు నాకు తోటి వ్యాపారి కనిపించాడు.

1716లో క్యోటోలో, నిషికి బజారులోని టోకు కూరగాయల కొట్టు ఇంట పెద్దకొడుకుగా పుట్టాడు. 23 ఏళ్లకే తండ్రి పోయి కొట్టు నెత్తిన పడింది. దాదాపు 40 ఏళ్లు వచ్చాకే దాన్ని తమ్ముడికి అప్పగించాడు. ఆ తర్వాత షోకొకుజి ఆలయం కోసం పువ్వులు, పక్షులు, చేపలు, పురుగులతో 30 పట్టు చిత్రాలు వేశాడు. పట్టు వెనకవైపు కూడా రంగు పూసి ముందువైపుకు ఆ లోతు తెచ్చేవాడట. ఒక చేపకు యూరప్ నుంచి అప్పుడప్పుడే వస్తున్న ప్రష్యన్ నీలం వాడాడు. అంత ఖరీదైన పట్టు, రంగులు కొట్టు సంపాదన అండ లేకుండా వచ్చేవా? నీ ఉత్తరంలో ఈ మాట లేదు.

కోళ్లను పెరట్లో పెంచి, చూసి చూసి వేశాడు. ఆకులకు పురుగు కొట్టిన చిల్లులు కూడా వదల్లేదు. మేమైతే ఆ ఆకుల్ని ఏరి పక్కన పారేస్తాం!

నాకు బాగా నచ్చింది బుద్ధుడి మహాపరినిర్వాణాన్ని కూరగాయలతో వేసిన బొమ్మ. బోర్లించిన బుట్ట మీద బుద్ధుడిలా ముల్లంగి పడుకుని ఉంటుంది, చుట్టూ తక్కిన కూరగాయలు. బుద్ధుడు కన్నుమూసిన చోటి సాలవృక్షాల స్థానంలో మొక్కజొన్న కాడలు! ఎగతాళి అనుకునేవు, కాదు. జీవితంలో సగం వాటి మధ్యే గడిపినవాడి భక్తి అది.

కొట్టు వదిలినా బజారును వదల్లేదు. 1770లలో నిషికి మూతపడే గండం వస్తే, కుంచె పక్కన పెట్టి ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ తిరిగి నిలబెట్టాడు.

నా వాదనకు అడ్డొచ్చేదీ ఒకటుంది, దాచను. 1788 అగ్నిప్రమాదంలో ఇల్లు కాలిపోయింది. డెబ్బై దాటిన ఆ వయసులో బొమ్మకు ఇన్ని బియ్యం అని తీసుకుని బతికాడు. 1800లో పోయేవరకూ వేస్తూనే ఉన్నాడు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ పొదుపు లెక్కలు, ఏడాది ఖర్చు రాసి తీసుకురా. బొమ్మలు కూడా. ముందు లెక్కలు చూద్దాం. అమ్మ మాత్రం ముందు బొమ్మలే చూస్తానంటోంది.

నాన్న