బుఖారిన్ గురించి నువ్వడిగిన ప్రశ్నకి

చిట్టితల్లీ,

చేయని నేరాలను సోవియట్ నాయకుడు బుఖారిన్ కోర్టులో ఎందుకు ఒప్పుకున్నాడని ఫోన్లో అడిగావు కదా. తీరిగ్గా రాద్దామని కూర్చున్నాను.

ఆయన అన్నీ ఒప్పుకోలేదమ్మా. 1938 మార్చిలో మాస్కో విచారణలో ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర అంటూ మోపిన నేరానికి మొత్తం బాధ్యత తనదేనన్నాడు. కానీ 1918లో లెనిన్‌ని చంపడానికి పథకం వేశాడన్న ఆరోపణను మాత్రం చివరిదాకా కాదనే అన్నాడు. అప్పటికే భార్య అన్నా లారినా నిర్బంధంలో ఉంది. కొడుకు యూరీకి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆ పరిస్థితిలో అంతమాత్రం ఎదురు నిలవడం కూడా మాటలు కాదు.

కమ్యూనిస్టు పార్టీ అంతటికీ ఇష్టుడని లెనిన్ స్వయంగా రాసిన మనిషి. పార్టీ పత్రిక ప్రావ్దాకి సంపాదకుడు. తోటి పార్టీ నాయకులు ట్రాట్‌స్కీని, జినోవీవ్‌ని, కామెనెవ్‌ని పక్కకు నెట్టేటప్పుడు స్టాలిన్‌కి అండగా నిలబడ్డాడు. రైతుల దగ్గర ధాన్యం బలవంతంగా లాక్కోవద్దని అడ్డుపడేసరికి ఆయన వంతు వచ్చింది. 1929లో పార్టీ అత్యున్నత కమిటీ పొలిట్‌బ్యూరో నుంచి తీసేశారు. తర్వాత ప్రభుత్వ పత్రిక ఇజ్వెస్తియా అప్పగించారు, 1936 రాజ్యాంగం రాసే పనిలోనూ పెట్టుకున్నారు. గండం గడిచిందనే అనిపించి ఉంటుంది.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. 1936 ఆగస్టులో జినోవీవ్‌ని, కామెనెవ్‌ని కాల్చేశాక, ఆ కుక్కలను చంపినందుకు చాలా సంతోషమని ఈయన స్టాలిన్ రక్షణ మంత్రి వొరొషిలోవ్‌కి ఉత్తరం రాశాడు. ప్రాణభయంతో రాశాడనే అనుకుందాం. అయినా వాళ్లు ఒకప్పుడు తనతో కలిసి పనిచేసినవాళ్లే కదా! ఆర్నెల్లు తిరిగేసరికి, 1937 ఫిబ్రవరి 27న, తననే అరెస్టు చేశారు. 1938 మార్చి 15న కాల్చి చంపారు.

అరెస్టుకి ముందు రాసిన ఇంకో ఉత్తరం ఉంది, రాబోయే తరం పార్టీ నాయకులకి. తన మీద పడ్డ మచ్చ తుడిచేయమని అందులో వేడుకున్నాడు. కాగితం దొరికితే ప్రమాదమని అన్నా చేత కంఠతా పట్టించాడు. సుమారు ఇరవై ఏళ్లు లేబర్ క్యాంపుల్లో, ప్రవాసంలో ఆవిడ దాన్ని మనసులోనే వల్లెవేసుకుంది. అనాథాశ్రమంలో పెరిగిన యూరీకి తన తండ్రెవరో 1956లో గానీ తెలియలేదు. 1988లో సోవియట్ ప్రభుత్వం బుఖారిన్ నిర్దోషి అని ఒప్పుకుంది. అది వినడానికి అన్నా బతికే ఉంది.

నీ సెమినార్‌లో అందరూ అన్నా కంఠతా పట్టిన ఉత్తరం గురించే చెబుతారు. నువ్వు వొరొషిలోవ్‌కి రాసినదాన్ని కూడా పక్కనే పెట్టు తల్లీ. రెండూ రాసింది ఒక్క మనిషే, మధ్యలో గడిచింది ఆర్నెల్లే.

ప్రేమతో,
నాన్న