ఆ పట్టికలో మనం చదవని గడి

సంపాదకుడికి నమస్కారం.

ఆదివారం మీ విద్యార్థుల పేజీలో భారత్, ఈక్వడార్ దేశాల వివరాలను పక్కపక్కన పట్టికగా వేశారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి దాన్ని మా రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని పైకి చదివింది. నేను చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దించే పళ్లెం) పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూసుకుంటున్నాను. రాజధాని కీటో, భాష స్పానిష్, జనాభా సుమారు 1.8 కోట్లు... అక్కడ ఆగి, "నాన్నా, మనలో ఎనభయ్యో వంతు మంది! వీళ్లా రొయ్యల్లో మనకు పోటీ?" అంది.

పోటీ కాదు, మనకన్నా ముందున్నారు. 2023లో వాళ్లు ఎగుమతి చేసింది దాదాపు 12 లక్షల టన్నులు. 2023-24లో మన దేశం పంపిన గడ్డకట్టించిన (ఫ్రోజెన్) రొయ్యలు 7.16 లక్షల టన్నులు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ దేశం పేరు తెలియని రొయ్యల రైతు ఉండడు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర పడిపోయిన ప్రతిసారీ, సరుకు కొనే ఏజెంటు నోట ముందు వచ్చేది ఆ పేరే.

పట్టికలో వాళ్లు చిన్న దేశంగా కనిపిస్తారు గానీ, మన రాష్ట్రం పక్కన పెడితే లెక్క మారిపోతుంది. ఈక్వడార్ విస్తీర్ణం రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే, ఆంధ్రప్రదేశ్‌ది 1.6 లక్షలు. జనం మాత్రం మన రాష్ట్రంలో సగం కూడా లేరు. అక్కడ చెరువులు విశాలం, వాటిలో వదిలే రొయ్య పిల్ల పలుచన. మూడెకరాల కౌలు చెరువులో ఏరేటర్ల (నీళ్లకు గాలి అందించే యంత్రాలు) మీద బతికే నాలాంటి వాడికి అది కుదరదు. మనం పెంచే వనామీ రకం రొయ్య పుట్టిల్లు కూడా వాళ్ల తీరం ఉన్న పసిఫిక్ వైపే. మన దగ్గర దాని సాగుకు అనుమతి 2009లో వచ్చింది. తెల్లమచ్చ తెగులు 1990ల మధ్యలో అప్పట్లో మనం పెంచిన టైగర్ రొయ్యను తుడిచిపెట్టినట్టే, 1999లో వాళ్లనూ ముంచింది. వాళ్లు తట్టుకుని బతికిన రొయ్యల నుంచే తల్లి రొయ్యలను ఎంచుకుంటూ వచ్చారు. మన హేచరీలు (రొయ్య పిల్లను పుట్టించే కేంద్రాలు) తల్లి రొయ్యలను ఇప్పటికీ ఎక్కువగా విదేశాల నుంచే తెచ్చుకుంటున్నాయి.

ద్రవ్యం గడిలో అమెరికా డాలర్ అని ఉంది. అచ్చు తప్పు కాదు, 2000 నుంచి అదే వాళ్ల డబ్బు. అయినా వాళ్ల సరుకు ఎక్కువగా చైనాకు పోతుంది. అమెరికా మీద ఆధారపడింది మనం. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచి, ఈక్వడార్‌పై 15 శాతంతో సరిపెట్టింది.

1.8 కోట్ల మంది ఎంత తిన్నా అన్ని రొయ్యలు చెల్లవు, వాళ్లు ఎగుమతి చేయక తప్పదు. మనం చదవని గడి మన జనాభాదే: 140 కోట్లకు పైగా ఉన్న మనకు ఇక్కడే అమ్ముకోవడానికి ఏమొచ్చింది? నా చెరువులో పట్టుబడి అయిన సరుకు ఐసు పెట్టెల్లో నేరుగా ఎగుమతి ప్లాంటుకు పోతుంది, పాతిక కిలోమీటర్ల దూరంలోని నెల్లూరు మార్కెట్ ముఖం చూడదు. ప్రభుత్వం రైతు బజార్లలో ఐసు సదుపాయంతో ఒక్కో రొయ్యల కొట్టు పెట్టించాలి. మొదటిది నెల్లూరులోనే పెడితే, వారానికి రెండు పెట్టెలు నేనే తెచ్చి ఇస్తాను.

– ఒక రొయ్యల రైతు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా