శనివారం డీజే చేసేవాళ్లకి

అందరికీ నమస్తే. లిండీ హాప్‌కి (స్వింగ్ జాజ్ పాటలకి జంటగా చేసే డాన్స్) పాట ఎంచేటప్పుడు ముందు వేగం చూడండి. కొత్తవాళ్లు ఎక్కువుంటే నిమిషానికి 120–150 బీట్లు చాలు. 200 దాటినవి వరసగా రెండు వేస్తే ఫ్లోర్ ఖాళీ అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ చూపించే అంకెని గుడ్డిగా నమ్మొద్దు, ఒక్కోసారి 160ని 80 అంటుంది. 15 సెకన్లు చేత్తో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి.

1930ల జాజ్ బ్యాండ్ లీడర్లు కౌంట్ బేసీ, చిక్ వెబ్‌ల రికార్డులు దాదాపు మూడు నిమిషాలే (నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల డిస్కులో ఒక వైపు పట్టేదే అంత). జంట మారడానికి సరిగ్గా సరిపోతుంది. ఎనిమిది నిమిషాల లైవ్ సోలోలు మాత్రం వద్దు, కాళ్లు పట్టేస్తాయి.

పాత రికార్డింగుల్లో వాల్యూమ్ తక్కువ, కొత్తవాటిలో ఎక్కువ. హెడ్‌ఫోన్‌లో ముందే విని గెయిన్ (ఒక్కో పాట వాల్యూమ్ స్థాయి) సరిచేయండి. బాస్ మరీ పెంచితే హై-హ్యాట్ (డ్రమ్స్‌లో తాళాల జత) వినపడదు, అడుగు తప్పేది అక్కడే. ఒక పాట బీట్‌ని ఇంకో పాటతో కలిపే బీట్ మిక్సింగ్ అక్కర్లేదు, పాటని చివరిదాకా పోనివ్వండి.